అరచేతిలో బూర

ఇంకా తెల్లవారలేదు, అదొక్కటే నా అదృష్టం. చీకట్లో అందరి మూతులూ ఒకటే. నా వెనక ఇసుకలో మా సంఘమంతా నిలబడి ఉంది, ఒక్కరూ మాట్లాడరు. పునరుత్థాన పండగ నాడు మా పల్లెలో అంతే, గుడి దగ్గర బయలుదేరింది మొదలు సూర్యుడి అంచు సముద్రం మీద కనపడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ముందు ఆడవాళ్ళు నడవాలి, వెనక మగవాళ్ళు. సమాధి దగ్గరికి ముందు పోయింది ఆడవాళ్ళే కదా అని ఎవరో పాతకాలం వాళ్ళు పెట్టిన పద్ధతి. సూర్యుడు కనపడగానే బూర మోగాలి. బూర మోగాక అందరిలోకీ పెద్దావిడ, ఇప్పుడైతే ఎస్తేరమ్మత్త, ప్రభువు లేచినాడని గొంతెత్తి చెప్తుంది. అప్పుడే అందరికీ నోళ్ళొస్తాయి, కావిలింతలు, పాటలు, చేతులూపడాలు. బూర మోగందే ఆ మాట లేదు. ఆ బూర ఊదాల్సినవాణ్ణి నేను, గిద్యోనుని. అది నా చొక్కా జేబులో ఉంది, తమలపాకుల కట్టంత కూడా లేదు, గుండె మీద చల్లగా తగులుతోంది. ఎవరిదో కొవ్వొత్తి ఆరిపోయి మైనం వాసన వస్తోంది. ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు. వీళ్ళంతా నాకోసం నోరు మూసుకుని నిలబడ్డారు, నేనేమో నా నోరు ఎలా దాచుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

నా మూతి ఎడమ పక్క జారిపోతే గాలి కొట్టిందన్నారు. తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వితే ఒక పక్కే వస్తుంది, అది వేరే సంగతి. బ్యాండు మేళంలో ట్రంపెట్టు ఊది బతికినవాణ్ణి, నెల్లూరు టౌన్లో పెళ్ళి ఊరేగింపంటే మా మేళమే కావాలని పట్టుబట్టేవాళ్ళుండేవారు, గాలే నాకు తిండి పెట్టింది. ఆ గాలే ఒక పెళ్ళి నుంచి బండి మీద వస్తుంటే ఎడమ చెవి వెనక కొట్టిందట. పొద్దున లేచి పళ్ళు తోముకుని పుక్కిలించబోతే నీళ్ళు నోట్లో నిలవలేదు, ఎడమ మూల నుంచి ధారకట్టి బనీను తడిసింది. నా భార్య రెబెక్కమ్మ చూసి ముందు నవ్వింది, వేళాకోళం చేస్తున్నాననుకుంది పాపం. తర్వాత ఆమె ముఖం మారిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు ఇది చాలామందికి తగ్గిపోతుందన్నాడు. ఆ చాలామందిలో నేను పడలేదు. మాత్రలిచ్చారు, బుగ్గకి కరెంటు పెట్టారు, బుడగలు ఊదమన్నారు. వీధులు వీధులు నిద్రలేపినవాణ్ణి, పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఎర్ర బుడగ ఒకటి మూతికి పెట్టుకుంటే గాలి అందులోకి పోకుండా పక్కనుంచి పర్రుమని పోయింది. గోడ అవతల పక్కింటి కోడలు తలెత్తి చూసి, చప్పున దించుకుంది. అది ఏ చప్పుడనుకుందో నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ బుడగల పొట్లం తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాను.

ఈ ఒడ్డు గాలి కూడా నాకు పడదు. ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు, రెప్ప సగంలో ఆగిపోతుంది, ఇసుక పడితే నీళ్ళు కారుతూనే ఉంటాయి. గుళ్ళో ఫ్యాను కింద కూర్చున్నా అంతే. ఒక ఆదివారం మా పాస్టరు అబ్రహాము అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపి, ప్రార్థన అంటే గిద్యోనన్నని చూసి నేర్చుకోండి, కన్నీళ్ళతో చేస్తున్నాడు అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. అది ఫ్యాను గాలికి కారే నీరయ్యా అని నేను చెప్పలేదు. తువ్వాలుతో తుడుచుకున్నాను, అది ఇంకా బాగా రక్తి కట్టింది. అప్పట్నుంచి నాకొక సంగతి అర్థమైంది, నేను ఏమీ చెప్పకపోతే జనమే నాకు మంచి పేరు కట్టిపెడతారు. ఆ రుచి మరిగాను. రెబెక్క మాత్రం ఆ పూట ఇంటికొచ్చేదాకా నా ముఖం చూడలేదు. ఆమెకి తెలుసు కదా.

పోయినేడు ఈ పండగకి నేను ఊదలేనని చెప్పేశాను. ఊరేగింపులో అందరికంటే వెనక, తలకి మఫ్లరు చుట్టుకుని నిలబడ్డాను. యూత్ పిల్లలు సెల్లులో బూర పాట పెట్టి పెద్ద స్పీకరుకి కలిపారు. సూర్యుడు వచ్చాడు, అందరూ ఊపిరి బిగబట్టారు, పిల్లాడు సెల్లు నొక్కాడు. ముందు ఎవరో ఆడపిల్ల హుషారుగా, హైవే పక్కనే ఇళ్ళ స్థలాలున్నాయి, త్వరపడండి అంది. అంతసేపు అంతమంది నోరు కట్టుకుని నిలబడితే ఆ ఏటి మొదటి మాట అది. తర్వాత బూర మోగింది, మంచి బూరే, ఏ దేశం వాడో బాగా ఊదాడు. ఎస్తేరమ్మత్త చెప్పాల్సిన మాట చెప్పింది కానీ గొంతులో పస లేదు. కొంతమంది నవ్వుకున్నారు. నాకు మాత్రం బట్టలిప్పి నిలబెట్టినట్టయింది. ఆ ప్రకటన నా మూతిలోంచి వచ్చినట్టే ఉంది, నేను ఊది ఉంటే అది వచ్చేదే కాదు కదా. అయినా ఊదగలనా? ట్రంపెట్టుకి పెదాలు రెండు పక్కలా సమానంగా బిగియాలి, నాకు బిగిసేది కుడి పక్క ఒక్కటే. ఎడమ పక్కని వేలితో పైకి నొక్కి పట్టుకుంటే గాలి నిలుస్తుంది, అది కనిపెట్టాను. కానీ ట్రంపెట్టు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, పైగా ఒక వేలు పెట్టి మూతిని కిటికీ రెక్కలాగా ఎత్తి పట్టుకుని ఊదేవాణ్ణి జనం చూస్తారు. అదే నావల్ల కాదు. చావనైనా చస్తాను గానీ అది నావల్ల కాదు.

ఈ బూర అక్కడ పుట్టింది. వాయిద్యం చేసేవాడెవడైనా ముందు స్వరం గురించి ఆలోచిస్తాడు. నేను గది తలుపేసుకుని అద్దం ముందు నిలబడి, చలికి చేతులు ఊదుకునేవాడిలాగా రెండు చేతులూ దోసిలిపట్టి మూతి మీద పెట్టుకున్నాను. ముక్కు నుంచి గడ్డం దాకా ఏమీ కనపడలేదు. ఎడమ బొటనవేలు లోపల, ఎవరికీ కనపడకుండా, జారిపోయిన పెదవిని పైకి నొక్కి పట్టుకోవచ్చు. అంతే, ఆ దోసిట్లో ఎంత పడుతుందో అంత బూర చెయ్యాలనుకున్నాను. కొలత తీసుకున్నది నా సిగ్గుకి. ముత్తుకూరులో ఏసీలు బాగుచేసే మా మేనల్లుడు సన్న రాగి గొట్టం ఇచ్చాడు. పాత రిక్షా హారను ఇత్తడి గరాటు పాత సామాన్ల కొట్లో దొరికింది, దాన్ని కోసి చిన్నది చేశాను. రాగి గొట్టం ఊరికే వంచితే నలిగి మూసుకుపోతుంది, లోపల ఇసుక కూరి, రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టి, కాల్చి మెత్తబరిచి చుట్టాలి. మొదటిసారి ఈ ఒడ్డు ఇసుకే తెచ్చి కూరాను, తడి ఇసుక, కాల్చేసరికి ఆవిరి పట్టి బిరడా టపీమని ఎగిరి రేకుల కప్పుకి తగిలింది. రెండోసారి ఇసుకని రెబెక్క పెనం మీద వేయించాను. "ఏందయ్యా, ఈ పూట ఇసకతో అట్లు పోస్తా ఉండావా?" అంది. చాన్నాళ్ళకి ఇద్దరం నవ్వాం. నేను చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాను.

నా ట్రంపెట్టుకి మూతి ఆనించే మౌత్‌పీసుని రంపంతో కోసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. నిండు గుండ్రంగా ఉంటే నాకిక పనికిరాదు, కుడి మూలకి మాత్రమే ఆనేలాగా ఒక పక్క పలచగా, కోలగా అరగదీయాలి. వెండి పూత లేచిపోయి లోపలి ఇత్తడి పచ్చగా కనపడింది. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని సమాధుల దారులు ఆ ముక్కలోంచి పోయాయో. టంకం పెట్టి అతికి, కడిగి, దోసిట్లో పెట్టుకుని ఊదితే ముందు ఉస్సుమంది. మళ్ళీ ఊదితే దూడ తల్లిని పిలిచినట్టు ఒక అరుపు వచ్చింది. గొట్టం ఇంకొంచెం పెంచాను, ఇంకో చుట్టు వేశాను, గొంతు కిందికి దిగింది, నిండింది. మొత్తం కలిపి మూడు స్వరాలు పలుకుతుంది, పండగ పొద్దుటికి అవి చాలు. కానీ ఒక్కటి చెయ్యలేదు. ఒక్కసారైనా ఆరుబయట ఊది చూడలేదు. గదిలో, తలుపేసి, కిటికీ వేసి ఊదాను. "వంటింట్లోకి బాగానే ఇనపడతా ఉండాది" అని రెబెక్క అంటే అదే చాలనుకున్నాను. మా వంటింటికీ ఈ సముద్రానికీ ఎంత తేడా ఉందో ఇప్పుడు, ఈ హోరులో నిలబడితే తెలుస్తోంది.

ఇక అబద్ధం సంగతి. నేను పెరట్లో గొట్టం చుడుతుంటే అయ్యగారు వచ్చారు. "ఏంటన్నా ఇది, బంగారు పని మొదలుపెట్టావా?" అన్నారు. నా మూతి దాచుకోవడానికి అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "ఇది గంగులయ్య పడవకి అయ్యగారూ. మంచులో పడవలు ఒకదానికొకటి కనపడవు గదా, జేబులో ఏసుకుని పొయ్యేదానికి ఒక చిన్న బూర" అన్నాను. ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ మాట, వెతుక్కోకుండానే వచ్చింది. గంగులయ్యది పక్కనున్న జాలర్ల కుప్పం, చేపలు పట్టి బతుకుతాడు, నాకు చిన్నప్పటినుంచీ స్నేహం. పోయిన చలికాలం మంచులో ఇంకో పడవ వచ్చి వాడి పడవ అంచు పగలగొట్టింది, అది మనసులో ఉండి ఉంటుంది. అయ్యగారి కళ్ళు తడిశాయి. ఆ ఆదివారమే గుళ్ళో చెప్పేశారు, తన బాధ మర్చిపోయి సముద్రం మీద పోయేవాళ్ళ ప్రాణాల కోసం గిద్యోనన్న బూర చేస్తున్నాడు, దాని మొదటి పిలుపు పండగ రోజు మనం వింటాం అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను, అది అణకువ అనుకున్నారు.

ఆ సాయంత్రమే గంగులయ్య ఊడిపడ్డాడు. చేతిలో పెద్ద వంజరం చేప, ఇంకా మెరుస్తోంది. "నాకోసరం బూర చేస్తా ఉండావంటనే అన్నా! నాతో ఒక్క మాటన్నా అన్లేదే నువ్వు!" అని నన్ను పట్టుకుని ఊపేశాడు. ఈల కొనుక్కుంటే సరిపోదా అని నాలుక చివరిదాకా వచ్చింది. వాడే అన్నాడు, "ఈలలు అందరికాడా ఉండాయి. సెల్లు తడిస్తే సచ్చిపోతాది. నీ బూరైతే ఇది ఫలానా గంగులయ్యని తెలిసిపోదా? పండగ పొద్దున అలలు దాటి ఆడ పడవ ఆపి ఉంటా. నువ్వు ఊదు. ఇనపడితే టార్చి ఏసి చూపిస్తా. ఇనపడిందంటే ఇంక నాకు బయం లేదన్నా." రెబెక్క ఆ చేపని మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టింది. నేను ఎప్పట్లాగే గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నాను, ముద్ద ముద్దకీ పులుసు మూల నుంచి కారుతుంటే. ఇంత రుచైన చేప నేను తినలేదు, ఇంత కష్టంగా మింగిందీ లేదు.

రెబెక్క ఇప్పుడు నాకు దగ్గర్లోనే ఉంది, ఆడవాళ్ళ ముందు వరసలో. తెల్ల చీర మసగ్గా కనపడుతోంది. ఆమె కొంగు నాకు తెలుసు, ఆమె కంటే ముందు అదే నాకు తెలుస్తుంది ఈ మధ్య. ఎవరైనా ఇంటికొస్తే, టీ తాగుతుంటే, మాట్లాడుతుంటే, నా మూతి మూల తడి చేరిందో లేదో చప్పున కొంగు వచ్చి తుడిచేసి పోతుంది, వచ్చినవాళ్ళ కంట పడేలోపల. ఆమెకి నేనంటే సిగ్గేమో. ఉండదా మరి? మేళంలో ఎర్ర కోటు వేసుకుని ముందు నడిచేవాణ్ణి చూసి చేసుకుంది, గోడ వైపు తిరిగి అన్నం తినేవాణ్ణి కాదు. ఈ మాట ఆమెని ఎప్పుడూ అడగలేదు. అడిగితే లేదంటుంది, ఆ లేదనడం నాకు వినాలని లేదు. ఈ దోసిట్లో దాచుకునే బూర సగం ఆమె కోసమే చేశానేమో, ఆ కొంగుకి ఒక్క పూటైనా పని తప్పిద్దామని.

తూర్పున చీకటి పలచబడుతోంది. దక్షిణాన పోర్టు దీపాలు వెలవెలబోతున్నాయి. అలల అవతల నల్లగా ఒక చుక్క, పైకీ కిందికీ ఊగుతోంది. గంగులయ్య పడవ. నిజంగానే వచ్చాడు. మా పండగ వాడి పండగ కాదు, వేట మానుకుని నా కోసం వచ్చి అక్కడ ఇంజను ఆపుకుని కూర్చున్నాడు. గాలి సముద్రం మీంచి మా ముఖాల మీదికే కొడుతోంది, అంటే నా ఊపిరి గాలికి ఎదురుగా పోవాలి. నీళ్ళ గీత ఎర్రబడింది. వెనక ఇసుక కదిలిన చప్పుడు, అందరూ నిటారుగా నిలబడినట్టున్నారు. జేబులోంచి బూర తీశాను. చల్లగా ఉంది. దోసిలిపట్టాను. లోపల బొటనవేలు దాని చోటు అది వెతుక్కుంది. అదిగో, సూర్యుడి అంచు, గోటి మొనంత. ప్రభువా, ఒక్క పూట.

ఊదాను. మోగింది. నా అరచేతులు అదిరాయి, నా చెవులకి గట్టిగానే ఉంది. మోగిందనే అనుకున్నారు వెనక, ఎవరో హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. నేను పడవ వైపు చూశాను. నల్లగా అలాగే ఊగుతోంది. ఇంకా చూశాను. వెలుగు లేదు. దోసిట్లో పుట్టిన గొంతు దోసిట్లోనే పోయింది. పక్కన ఎస్తేరమ్మత్త గొంతు సవరించుకుంటోంది, ఆమెకి చాలు ఆ మాత్రం, వీళ్ళందరికీ చాలు, జాలిపడే చెవులకి ఎంత చిన్న చప్పుడైనా చాలు. ఇప్పుడామె ఆ మాట చెప్పేస్తుంది, అందరూ పాట అందుకుంటారు, నా చుట్టూ చేరి భుజాలు తడతారు. నేను చేతులు జేబులో పెట్టేసుకుని బయటపడిపోవచ్చు. గంగులయ్యతో గాలి ఎదురైందని చెప్పొచ్చు. నమ్ముతాడు. చలికాలం ఈ బూర జేబులో వేసుకుని మంచులోకి పోతాడు, నేను చూపించినట్టే రెండు చేతులూ మూసి ఊదుతాడు, ఎదురుగా వచ్చే పడవకి వినపడదు. ఇనపడిందంటే ఇంక నాకు బయం లేదన్నాడు వాడు.

ఎస్తేరమ్మత్త వైపు చెయ్యెత్తాను, ఆగమని. ఆమె నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. వెలుగు వచ్చేస్తోంది, చాలా తొందరగా వచ్చేస్తోంది, పండగ పూట సూర్యుడు ఇంత తొందరపడతాడని నాకు తెలియదు. బూరని కుడిచేత్తో వేళ్ళ చివర పట్టుకుని, గరాటు చుట్టూ ఏమీ అడ్డం లేకుండా చేశాను. ఎడమ చూపుడువేలితో నా పెదవిని అందరి ముందూ పైకి ఎత్తి పట్టుకున్నాను. ముఖం మీద ఎండ వెచ్చగా తగిలింది. వెనకున్నవాళ్ళు పక్కలకి జరిగి మరీ చూస్తున్నారు, అయ్యగారు, పక్కింటి కోడలు, పోయినేడు సెల్లు నొక్కిన పిల్లాడు. ఒళ్ళంతా కాలిపోయింది సిగ్గుతో. ఊదాను. ఎడమ బుగ్గ కప్ప గొంతులాగా ఉబ్బింది, వేలి పక్కనుంచి ఉమ్మి చిమ్మింది, గడ్డం మీదికి కారింది, చొక్కా మీద పడింది. కానీ బూర గొంతు దూసుకుపోయింది. నా చేతుల్లోంచి తప్పించుకుని, అలల మీదుగా, గాలికి ఎదురెళ్ళి పోయింది, అది పోవడం నాకు తెలిసింది. ఊపిరి అయిపోయేదాకా ఊదాను.

పడవ మీద టార్చి వెలిగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, తర్వాత పిచ్చివాడిలాగా గాల్లో తిప్పేస్తున్నాడు వాడు.

నేను బూర దించాను, వేలు తీశాను, పెదవి జారిపోయింది. గడ్డం మీద తడి అలాగే ఉంది. తెల్ల చీర కదిలింది, రెబెక్క నా దగ్గరికి వస్తోంది, కొంగు చేతిలో పట్టుకునే ఉంది. నేను అలవాటు ప్రకారం ముఖం ఆమె వైపు వంచాను, తుడుస్తుంది కదా అని. ఆమె తుడవలేదు. కొంగు తన కళ్ళకే అద్దుకుంది. అంతమందిలో, ఎస్తేరమ్మత్త ఇంకా నోరు తెరుచుకుని నిలబడి ఉండగా, ఆ ఏటి మొదటి మాట ఆమె అంది.

"ఇంకా ఊదయ్యా. మూతి తర్వాత తుడుచుకుందాం."

నేను మళ్ళీ వేలు పెట్టుకుని ఊదాను.